కొండపల్లెలో ప్రపంచ నాటకోత్సవము: జపానులోని తోగా గ్రామ చరిత్ర

పంచాయతీ సమావేశములలో నాటకముల ప్రస్తావన వచ్చినపుడు సాధారణముగ వినబడు మాట యొకటి కలదు. "త్రాగునీరు చాలక, మురుగుకాలువ పూర్తికాక మనము అవస్థపడుచుండగా ఈ ఆటలు, పాటలు ఎవరికి కావలెను?" అని సభ్యులలో ఎవరో యొకరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ప్రజల పన్నుసొమ్మునకు జవాబుదారులైనవారు ఇట్లే అడుగవలెను. అయినను 1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణము వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలును ఒకసారి చూడుడు. పంచాయతీలకు అప్పగింపదగినవిగ అందు పేర్కొనబడిన 29 అంశములలో త్రాగునీరు, రోడ్లు, పాఠశాలలు ఉన్నట్లే సాంస్కృతిక కార్యక్రమములును కలవు. అది 21వ అంశము. దానికి ముందు గ్రంథాలయములు, తరువాత సంతలు, జాతరలు చేర్చబడినవి. కావున ఇది పంచాయతీకి సంబంధింపని విషయమని తలపరాదు.

అయితే ఎంతవరకు సంబంధించును? ఊరి సొమ్మును, ఊరి శ్రమను కళలకై వినియోగించినచో ఊరికి మిగులునదేమి? దీనికి ఊహలపై ఆధారపడి జవాబు చెప్పుటకంటె, ఆ పనిని దాదాపు ఐదు దశాబ్దములుగ చేసి చూచిన ఒక గ్రామమును పరిశీలించుట మేలు. జపాను దేశమున తోగా అను కొండపల్లె కలదు. ప్రయోగాత్మక నాటకములకు ఆ పల్లె నేడు ప్రపంచ ప్రసిద్ధి గాంచినది. ఆ చరిత్రలో మెచ్చుకొనదగిన అంశములును, జాగ్రత్తగ తూచి చూడవలసిన అంశములును కలవు. రెండింటిని ఇచ్చట వివరించుచున్నాము.

తోగా ఎచ్చట నున్నది?

జపాను ద్వీపములలో పెద్దదైన హొన్షూ ద్వీపమున, పశ్చిమపు సముద్రతీరము వైపున తొయామా అను పాలనా విభాగము కలదు. దాని దక్షిణ భాగమంతయు ఎత్తైన కొండలు, లోతైన లోయలు. ఆ కొండల నడుమ నున్న గొకాయామా అను ప్రాంతములో తోగా ఒక భాగము. నేలలో అత్యధిక భాగము అడవియే. సేద్యమునకు పనికివచ్చు భూమి మిక్కిలి తక్కువ. శీతకాలమున మనిషి ఎత్తును మించి మంచు కురియును. తొయామా పట్టణమునుండి కొండదారిలో గంటకు పైగా ప్రయాణము చేసినగాని ఊరు చేరజాలము.

ఆ ప్రాంతపు ఇండ్లు ప్రత్యేకమైనవి. మంచు నిలువక జారిపోవుటకై పైకప్పును మిక్కిలి ఏటవాలుగ, రెల్లుగడ్డితో దట్టముగ నేయుదురు. దూరమునుండి చూచినచో ఆ కప్పు నమస్కరించుచున్న రెండు చేతులవలె కనబడును. కనుకనే వానికి "జోడించిన చేతుల కట్టడము" అని అర్థమిచ్చు గస్షో అను పేరు కలిగినది. వెనుకటి రోజులలో అటకలపై పట్టుపురుగులను పెంచి, క్రింది భాగమున కుటుంబములు నివసించెడివి. ఇట్టి ఇండ్లు గల గొకాయామాలోని రెండు పల్లెలను, పొరుగుననున్న షిరకావా గ్రామముతో కలిపి 1995లో ప్రపంచ వారసత్వ స్థలములుగ గుర్తించిరి.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము జపాను పరిశ్రమలు శీఘ్రముగ పెరిగినవి. కర్మాగారములకు పనివారు కావలసివచ్చిరి. కొండపల్లెల యువతీయువకులు పట్టణములకు తరలిపోయిరి. పెద్దలు మాత్రము ఊరిలో మిగిలిరి. పాలమూరు వలసలను, ఉత్తర కోస్తా వలసలను ఎరిగిన మన సభ్యులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1970 దశకము నాటికి తోగా జనాభా సుమారు 1,500 మాత్రమే. నివసించువారు లేక పెద్దపెద్ద ఇండ్లు పాడుపడుచుండెను. రెల్లుకప్పు గల ఇంటిని విడిచిపెట్టినచో అది ఎక్కువ కాలము నిలువదు. అట్టి ఇండ్లను కొన్నింటిని ఒకచోటికి చేర్చి కాపాడుటకు గ్రామపాలకులు పూనుకొనిరి. కాని ఖాళీ ఇంటిని నిలబెట్టుటతో పని ముగియదు. ఇంటిలో దీపము వెలిగించువారు కావలెను.

రాజధానినుండి పల్లెకు

ఆ దీపము వెలిగించుటకు వచ్చినవారు నాటకముల వారు. సుజుకీ తదాషీ అను దర్శకుడు 1939లో జన్మించెను. టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయమున చదువుచుండగనే నాటకములయందు ప్రవేశించి, 1966లో మిత్రులతో కలిసి వసేదా చిన్న నాటకశాల అను సంస్థను స్థాపించెను. వారి రంగస్థలము ఒక కాఫీ హోటలు మేడపై నున్న చిన్న గది. అచ్చటి ప్రదర్శనలు పేరు తెచ్చుకొనినవి. 1974లో ఆయన టోక్యో నగరమున ప్రదర్శించిన "ట్రోజన్ స్త్రీలు" అను నాటకము వలన విదేశములలోను ఆయన పేరు వినబడెను.

పేరు వచ్చిన పిమ్మట రాజధానిలో మరింత పెద్ద నాటకశాలను కోరుట లోకసహజము. ఆయన అందులకు భిన్నముగ, 1976లో తన బృందముతో సహా వందలాది కిలోమీటర్ల దూరముననున్న తోగాకు వచ్చి, పాత గస్షో ఇంటిని ఒకదానిని అద్దెకు తీసికొని దానినే నాటకశాలగ మార్చెను. ఆ సంవత్సరము ఆగస్టు మాసమున అచ్చట మొదటి ప్రదర్శన జరిగినది. రాజధానినుండి ప్రేక్షకులు బస్సులలో కొండలెక్కి వచ్చి, రెల్లుకప్పు క్రింద నేలపై కూర్చుండి నాటకమును చూచిరి.

ఆయన ఏల వచ్చెను? నగరములోని నటులు పగలు వేరొక ఉద్యోగము చేసికొని, రాత్రి అలసిన శరీరముతో అభ్యాసము చేయవలసియుండెను. స్థలమునకు అద్దె హెచ్చు. ప్రేక్షకులు వచ్చి చూచి తొందరగ రైలెక్కి పోవుదురు. పల్లెలోనైతే బృందమంతయు కలిసి నివసించి, వండుకొని తిని, దినమంతయు అభ్యాసము చేయవచ్చును. ప్రేక్షకులును తీరికతో వచ్చి, రాత్రి నిలిచి, చూచినదానిని గూర్చి ముచ్చటించుకొందురు. అంతేగాక దేశమునకు గల సంస్కృతి అంతయు ఒక్క రాజధానిలోనే పోగుపడుట మంచిది కాదని ఆయన దృఢమైన అభిప్రాయము. ఇచ్చట గమనింపవలసినది యేమనగా, కళాకారునకు ఊరితో అవసరము కలిగినది. ఊరికి కళాకారునితో అవసరము కలిగినది. ఒకరిపై నొకరు దయచూపుట కాదు. పరస్పర ప్రయోజనముపై ఆధారపడిన ఏర్పాటు గనుకనే అది నిలిచినది.

ప్రయోగాత్మక నాటకమనగా నేమి?

మన గ్రామములలో పద్యనాటకము తెలియనివారు లేరు. వీధిభాగవతము, చిందు భాగవతము, బుఱ్ఱకథ, తోలుబొమ్మలాట కూడ పరిచితములే. ప్రయోగాత్మక నాటకమను మాట మాత్రము క్రొత్తగ తోచవచ్చును. వాడుకలో నున్న పద్ధతిని ప్రశ్నించి, నాటకమును మరొక విధముగ కట్టి చూచుటయే ప్రయోగము. కథ వరుసగ నడువకపోవచ్చును. మాటలు మిక్కిలి తక్కువ కావచ్చును. తెర, పరదాలు, అలంకారములు లేకుండ పాత ఇంటిలోనో, చెరువుగట్టుననో, బజారులోనో ప్రదర్శన జరుగవచ్చును. ప్రేక్షకుడు కథ యేమాయెనని అడుగుటకు బదులు, ఈ దృశ్యము నాలో ఏమి కదిలించినదని తనను తానే అడుగుకొనవలసివచ్చును.

దీనికి దగ్గరనుండునది ప్రదర్శన కళ. ఇందు కళాకారుడు బొమ్మను గీయుటకో, శిల్పమును చెక్కుటకో బదులు తన దేహమును, తాను గడపు కాలమునే కళాకృతిగ ప్రజల యెదుట నుంచును. 2010లో న్యూయార్కు నగరపు ఆధునిక కళల ప్రదర్శనశాలలో మరీనా అబ్రమోవిచ్ అను కళాకారిణి కొన్ని నెలలపాటు ప్రతిదినము కుర్చీలో కదలక కూర్చుండి, ఎదుట కూర్చున్నవారిని మౌనముగ చూచుచుండెను. కూర్చున్నవారిలో పలువురు కంటతడి పెట్టిరి. ఇది మనకు వింతగ తోచినను పగటివేషగాండ్ర సంప్రదాయమును జ్ఞప్తికి తెచ్చుకొనినచో అంత దూరమనిపింపదు. రంగస్థలము లేకుండ, తెర లేకుండ, పట్టపగలు మన వాకిటనే నిలిచి, వేషమేదో నిజమేదో తెలియకుండ చేసిన నేర్పు వారిది కదా!

సుజుకీ నాటకము ఎట్లుండునో ఒక ఉదాహరణతో చెప్పుచున్నాము. "ట్రోజన్ స్త్రీలు" అను నాటకమును గ్రీసు దేశపు యూరిపిడీసు క్రీస్తుకు పూర్వము 415లో ప్రదర్శించెను. యుద్ధమున ట్రాయ్ నగరము కూలిపోయిన పిమ్మట భర్తలను, బిడ్డలను పోగొట్టుకొని బానిసలుగ తరలింపబడుటకు ఎదురుచూచుచున్న స్త్రీల శోకము అందలి విషయము. తిక్కన సోమయాజి తెనిగించిన భారతమున స్త్రీపర్వమును ఎరిగినవారికి ఆ దుఃఖము క్రొత్తది కాదు. సుజుకీ ఆ కథను రెండవ ప్రపంచ యుద్ధానంతరపు జపాను శిథిలముల నడుమకు తెచ్చెను. సర్వము కోల్పోయిన ఒక వృద్ధురాలు ఆ గ్రీకు రాణి వేదనను తన వేదనగ అనుభవించును. రెండువేల నాలుగువందల ఏండ్ల నాటి విదేశీ కథ ఆ విధముగ తమ ఇంటి కథయైనది.

నటుల శిక్షణకు ఆయన ఏర్పరచిన పద్ధతియు పేర్కొనదగినదే. జపాను ప్రాచీన నాటకరూపములైన నో, కబుకి అనువానినుండి గ్రహించిన అంశములతో ఆయన పాదములకు ప్రధాన స్థానమిచ్చెను. నటుడు నడుము దించి, నేలను గట్టిగ త్రొక్కుచు, పైదేహము చలింపకుండ, శ్వాసను అదుపులో నుంచుకొని పలుకవలెను. నేలతో సంబంధము తెగిన నటుని మాటకు బలముండదని ఆయన సిద్ధాంతము. గజ్జెకట్టి నేలదద్దరిల త్రొక్కు మన చిందు కళాకారుల అడుగును చూచినవారు ఈ మాటలోని సత్యమును సులభముగ గ్రహింపగలరు. ఈ పద్ధతిని అభ్యసించుటకు పలు దేశములనుండి నటులు తోగాకు వచ్చుచుందురు. 1992లో అమెరికా దర్శకురాలు ఆన్ బోగర్ట్ ఆయనతో కలిసి స్థాపించిన సంస్థ ద్వారా ఆ దేశమునను ఈ శిక్షణ వ్యాపించినది.

1982 నాటి ఉత్సవము

తోగాకు వచ్చిన ఆరు సంవత్సరములకు, 1982లో, అంతర్జాతీయ నాటకోత్సవము జరుపబడెను. జపాను దేశమున జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ రంగస్థలోత్సవముగ దీనిని పేర్కొందురు. టోక్యో, ఒసాకా వంటి మహానగరములు ఉండగా ఆ గౌరవము ఒక కొండపల్లెకు దక్కుట విశేషము.

ఆ ఉత్సవమునకు వచ్చినవారిలో పోలండు దేశపు దర్శకుడు తదేవుష్ కాంతోర్ ఒకరు. ఆయన నాటకము "మృత తరగతి" 1975లో రచింపబడినది. అందులో వృద్ధులు తమ చిన్ననాటి బడి బల్లలకు తిరిగివత్తురు. ప్రతివారి వీపుమీదను పిల్లవాని బొమ్మ యుండును. అది వారు పోగొట్టుకొనిన బాల్యము. దర్శకుడు తానే రంగస్థలముపై నిలిచి, నటులకు సైగలు చేయుచుండును. కథ యని చెప్పదగినది తక్కువ. కాని పడుచువారు వెడలిపోయి, వృద్ధులు మిగిలిన పల్లెలో ఆ నాటకమును ప్రదర్శించినపుడు అది ఎంత సూటిగ తాకియుండునో ఊహింపవచ్చును. అమెరికా దర్శకుడు రాబర్ట్ విల్సన్ కూడ ఆ సంవత్సరము తోగాలో పాల్గొనెను.

ఉత్సవమునకు కావలసిన వసతులు క్రమక్రమముగ ఏర్పడినవి. ప్రసిద్ధ వాస్తుశిల్పి ఇసొజాకి అరాతా మొదట పాత గస్షో ఇంటిని చక్కని నాటకశాలగ సంస్కరించెను. నల్లబారిన పెద్ద దూలములను, స్తంభములను తొలగింపక వానినే రంగస్థలమునకు అందముగ మలచెను. పిమ్మట 1982లో ఆరుబయలు నాటకశాలను నిర్మించెను. ప్రాచీన గ్రీకు పద్ధతిలో కూర్చుండు మెట్లు కొండవాలున అమర్చబడినవి. వాని యెదుట చెరువు, చెరువునకు అవతల అడవికొండలు. చీకటి పడిన పిమ్మట దీపకాంతి నీటిపై పడుచుండగా ప్రదర్శన సాగును. కృత్రిమమైన రంగాలంకరణము అచ్చట అక్కరలేదు. ఊరి ప్రకృతియే అలంకరణము. 1991లో సుజుకీ ఇదే వేదికపై బాణాసంచా వెలుగులతో "ప్రపంచపు అంచునుండి నమస్కారము" అను భావము గల పేరుతో ఒక నాటకమును ప్రదర్శించెను. ఊరి సంబరమునందలి బాణాసంచా, జపాను దేశ భవితను గూర్చిన తీవ్రమైన ఆలోచన, ఈ రెండును అందు కలిసియున్నవి. ఆ నాటకము తరువాతి కాలమునను పలుమార్లు ప్రదర్శింపబడినది.

వసేదా చిన్న నాటకశాల అను పేరు 1984లో మార్చబడి, సంస్థ పేరులోనే తోగా పేరు చేరినది. తాము ఏ యూరివారమో ఆ యూరి పేరునే ప్రపంచమునకు చాటుటకు బృందము నిశ్చయించుకొనినదన్నమాట. 1994లో తొయామా విభాగ ప్రభుత్వము ఆ నాటకశాలల ప్రాంగణమును తన కళోద్యానముగ నిర్వహించుటకు పూనుకొనెను. దీనివలన భవనముల భారమును చిన్న గ్రామము ఒంటరిగ మోయవలసిన అవసరము తగ్గినది. ఇటీవలి సంవత్సరములలో ఆ బృందము వేసవి ప్రదర్శనలకు నిర్ణీత రుసుము లేక, ప్రేక్షకులు తమకు తోచినంత యిచ్చు పద్ధతిని అవలంబించినది.

లాభమెంత? లోటెంత?

ఇంతవరకు చెప్పినదంతయు విని, నాటకోత్సవము పెట్టినచో వలసలు ఆగునని ఎవరైన తలచినచో అది పొరపాటగును. తోగా జనాభా తగ్గుట ఆగలేదు. 1,500 గ నున్న సంఖ్య శతాబ్దారంభమునకు వేయికి లోపునకు దిగినది. ఇప్పుడు సుమారు 500. 2004 నవంబరు 1వ తేదీన తోగా గ్రామము, చుట్టుపట్ల నున్న 4 చిన్న పట్టణములు, మరి 3 గ్రామములు కలిపి నాంతో అను నగరపాలనముగ ఏర్పరుపబడినవి. తనకు తానుగ పాలించుకొను గ్రామముగ తోగా నాటితో ముగిసినది. ఉద్యోగములు, ఉన్నత పాఠశాలలు, ఆస్పత్రులు లేనిచోట వేసవిలో కొన్ని వారములు జరుగు ఉత్సవము యువకులను నిలుపజాలదు. ఈ సత్యమును దాచిపెట్టి ప్రశంసలు మాత్రమే వ్రాయుట సభ్యులకు మేలు చేయదు.

మరి నిష్ఫలమా? అదియు కాదు. కూలిపోవలసిన ఇండ్లు నిలిచినవి. పాలనా పటమునుండి ఊరు తొలగినను ఆ పేరు చెదరలేదు. వచ్చు ప్రేక్షకుల వలన బసలకు, భోజనశాలలకు, బస్సులకు పని కలిగినది. ఆ కొండలలో పండు సోబా అను ధాన్యపు పిండితో చేయు సన్నని సేమియా వంటి ఆహారమునకు గిరాకి వచ్చినది. అతిథులను ఆదరించుటకు అలవాటుపడిన ఆ గ్రామము, 1992లో సోబాకు సంబంధించిన అంతర్జాతీయ ప్రదర్శనమును జరిపెను. అదే ధాన్యమును పండించు నేపాలు దేశపు తుకుచే గ్రామముతో మైత్రి నెరపెను. 2019లో తొమ్మిదవ థియేటర్ ఒలింపిక్స్ అను ప్రపంచ నాటకోత్సవము జపానులో తోగా, కురోబే అను రెండు చోట్లను, రష్యాలోను జరిగినది. 500 మంది గల ఊరు ప్రపంచమునకు ఆతిథ్యమిచ్చినది.

కావున లెక్క సరిగ చూచినచో ఇట్లు తేలును. ఉత్సవము ఊరి ఆర్థిక సమస్యలకు పరిష్కారము కాదు. రోడ్డునకు, నీటికి, పనికి అది మారుసరుకు కాదు. కాని ఊరు చిన్నదగుచున్నపుడు ఊరివారికి తమ ఊరిపై చిన్నచూపు కలుగకుండ అది కాపాడినది. "మా ఊరిలో ఏమున్నది?" అను మాట వలసకు తొలిమెట్టు. ఆ మాటకు తోగా ఒక జవాబు ఇచ్చినది.

మన దేశమున

ఇట్టి దృష్టాంతములు మనకు దూరముగ లేవు. కృష్ణా జిల్లాలోని కూచిపూడి ఒక గ్రామమే. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అచ్చటి భాగవతులకు ఆ గ్రామమును ఇచ్చినట్లు ఐతిహ్యము కలదు. ఊరి పేరే నాట్యరీతికి పేరైనది. 1885లో కడప ప్రాంతమున సురభి గ్రామమున ప్రదర్శింపబడిన "కీచకవధ" తో ఆరంభమైన నాటక సమాజము ఆ ఊరి పేరుతోనే తెలుగునాట తరతరములుగ ప్రసిద్ధి గాంచినది. ఊరి పేరు కళకు, కళ పేరు ఊరికి అమరుట మనకు పూర్వమునుండి తెలిసినదే.

కర్ణాటక రాష్ట్రమున శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అను పల్లె కలదు. వక్కతోటల నడుమనున్న ఆ గ్రామమున 1949లో నీనాసం అను నాటక సంఘము స్థాపింపబడెను. దానిని పెంచి పోషించిన కె. వి. సుబ్బణ్ణ గారు ప్రపంచ నాటకములను, చలనచిత్రములను పల్లెవాసుల యెదుట నుంచిరి. 1980లో నాటక శిక్షణాలయము, 1985లో ఊరూరు తిరుగు తిరుగాట అను నాటక బృందము ఏర్పడినవి. 1991లో సుబ్బణ్ణ గారికి రామన్ మెగసెసే పురస్కారము లభించెను. గొప్ప భవనముతో గాక ఊరివారి సంఘముతో ఆ పని ఆరంభమైన విషయము గుర్తింపదగినది. తోగాలో 2019లో జరిగిన థియేటర్ ఒలింపిక్స్ ఉత్సవమునకు ముందటి, అనగా ఎనిమిదవ ఉత్సవము, 2018లో మన దేశముననే జాతీయ నాటక విద్యాలయము నిర్వహణలో పలు నగరములలో జరిగినది. అది నగరములకు పరిమితమైనది; పల్లెకు రావలసిన దారి ఇంకను మిగిలియున్నది.

పంచాయతీలు ఆలోచింపదగిన విషయములు

తోగావలె చేయుడని మేము చెప్పుటలేదు. ఆ ఊరి పరిస్థితి వేరు, మన ఊళ్ల పరిస్థితి వేరు. కాని ఆ అనుభవమునుండి గ్రహింపదగినవి కొన్ని కలవు.

మొదటిది, ఉన్న భవనమునే ఉపయోగించుట. తోగాలో పని పాత ఇంటితో ఆరంభమైనది. క్రొత్త కట్టడము ఆరు సంవత్సరముల పిమ్మట వచ్చినది. మన ఊళ్లలోను వాడుకలో లేని పాత బడి, చావడి, ధాన్యపు గిడ్డంగి, రచ్చబండ ఉండవచ్చును. కళాభవనము కావలెనని అర్జీ పెట్టుటకు ముందు, ఉన్న చోట రెండు మూడు సంవత్సరములు ప్రదర్శనలు జరిపి చూచుట మంచిది. ప్రదర్శనలు లేని భవనము తాళము పడిన గది యగును. పాత కట్టడమును వాడుటకు ముందు కప్పు, గోడలు, కరెంటు తీగలు తగినవారిచే పరీక్షింపజేయవలెను.

రెండవది, కాలనిర్ణయము. తోగాలో ఉత్సవము మంచు లేని వేసవిలో జరుగును. మనకు నాట్లు, కోతలు ముగిసి చేతులు ఖాళీగనుండు దినములు అనువైనవి. ఏటేట అదే మాసమున జరిగినచో, వలసవెళ్లినవారు కూడ ఆ సమయమునకు ఊరు చేరుటకు అలవాటుపడుదురు.

మూడవది, డబ్బు. ఉత్సవమునకు ఎంత వ్యయమగునో, అది ఎచ్చటినుండి వచ్చునో ముందుగనే గ్రామసభ యెదుట నుంచి ఆమోదము పొందవలెను. త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కేటాయించిన సొమ్మును ఇటు మళ్లింపరాదు. విరాళములకు ప్రత్యేక లెక్క వ్రాసి, ముగిసిన వెంటనే పంచాయతీ కార్యాలయము గోడపై అంటించినచో అనుమానములకు తావుండదు. భారము పెరిగినపుడు పై స్థాయి సంస్థల సహాయమును కోరుట తప్పు కాదు. తోగా కూడ అట్లే చేసినది.

నాలుగవది, పనుల విభజన. స్థలము, నీరు, మరుగుదొడ్లు, దీపములు, ప్రథమ చికిత్స, వచ్చువారికి బస, ఇవి పంచాయతీ చూడవలసినవి. ఏ నాటకము ఆడవలెను, ఎట్లు ఆడవలెను అనునది కళాకారులకు వదలవలెను. వారును ఊరి మర్యాదలను, ఊరి నిద్రను గౌరవింపవలెను. క్రొత్త తరహా నాటకము అర్థము కాలేదని పెద్దలు విసుగుకొనవచ్చును. ప్రదర్శన ముగిసిన పిమ్మట అరగంటసేపు నటులు, ప్రేక్షకులు కూర్చుండి మాటలాడుకొను ఏర్పాటుచేసినచో ఆ విసుగు చాలవరకు తీరును. అర్థము కాలేదని చెప్పుటకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు. వివరించుటకు నటులు వెనుకాడరాదు.

ఐదవది, మిక్కిలి ముఖ్యమైనది. మన గ్రామములలో ఇప్పటికే కళాకారులున్నారు. తోలుబొమ్మలాటవారు, చిందు కళాకారులు, బుఱ్ఱకథ దళములు, ఒగ్గుకథకులు జీవనోపాధి చాలక కూలిపనులకు పోవుచున్నారు. బయటివారిని ఆహ్వానించునపుడు వీరిని వేదికకు వెలుపల నిలుపరాదు. సుజుకీ ప్రయోగము ఎంత క్రొత్తదైనను దాని పాదములు నో, కబుకి సంప్రదాయములపై నిలిచియున్నవి. మన పడుచు నటులు క్రొత్త నాటకమును కట్టదలచినచో వారికి గురువులు మన వాడలలోనే కలరు. బడిపిల్లలను ఆ గురువుల చెంత కొన్ని దినములు కూర్చుండబెట్టుటకు పెద్ద సొమ్ము అక్కరలేదు. వారి కూలి నష్టపోకుండ తగిన పారితోషికమిచ్చిన చాలును.

సభ్యుడు అడిగిన మొదటి ప్రశ్నను మరల చూతము. నీరు ముందా, నాటకము ముందా? నీరే ముందు; అందు సందేహము లేదు. కాని నీరు, దారి, దీపము అమరిన పిమ్మట జనులు ఆ ఊరిలో ఉండుటకు ఇష్టపడవలెను కదా! ఆ ఇష్టమును కలిగించు పనులలో ఊరంతయు ఒకచోట కూర్చుండి చూచు నాటకమొకటి. రాబోవు గ్రామసభలో ఇతర విషయములు ముగిసిన పిమ్మట, మన ఊరిలో ఏ కళ కలదు, దానిని ఎరిగినవారు ఎందరు మిగిలియున్నారు అను రెండు ప్రశ్నలను సభ్యులు చర్చకు పెట్టవచ్చును. ఆ పేర్ల పట్టికను సిద్ధము చేయుటకు ఒక్క పైసయు ఖర్చు కాదు.